నాలుగో బుర్ర కింద రాయి

కొండల మధ్య కుందుర ఊళ్ళో సుందరరావు గారి పచ్చిక చూడటానికి దగ్గరి పట్నం జైపూర్ నుంచి కూడా జనం వచ్చేవారంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానండి. ఉప్పూ పప్పూ బెల్లం టోకున అమ్ముకునే వర్తకుడాయన. తొంభై ఆరులో ఏదో పెళ్ళికని విశాఖపట్నం వెళ్ళి, అక్కడ హోటల్ ముందు నీళ్ళు గుండ్రంగా తిరుగుతూ చిమ్మడం చూశాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. తిరిగొచ్చి, కొత్త ఇంటి ముందున్న ఎర్రమట్టి జాగా చూపించి, "ఏటిరా ఇజ్రాయెలూ, ఇక్కడ అలాటివి పెట్టగలవేటి?" అన్నాడు.

ఇజ్రాయెల్ పెట్టగలడు. వాళ్ళ తాత పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. తండ్రి మిషన్ బడిలో పంతులు. కొడుక్కి మాత్రం పలక కంటే పైపు రెంచీ మీద ప్రేమ ఎక్కువ. మోటారు మూలిగితే వీధి చివర నుంచే దాని జబ్బు చెప్పేవాడు. నీళ్ళు చిమ్మే ఆ స్ప్రింక్లర్లను బుర్రలు అనేవాడు. ఎనిమిది బుర్రలు తెప్పించి, కాలవలు తవ్వి, పైపులు పరిచాడు.

ఎర్రమట్టితో ఒక చిక్కుంది. నాలుగు వానలు పడితే కుంగిపోతుంది, బుర్ర ఒరిగిపోతుంది. అందుకని ఒక్కో బుర్ర కింద ఒక చదునైన రాయి వేసి, దాని మీద నిలువు పైపు కూర్చోబెట్టడం ఇజ్రాయెల్ పద్ధతి. ఊరి పక్కన పారే గెడ్డలోంచి ఏడు రాళ్ళే దొరికాయి. చీకటి పడబోతోంది, మర్నాడు పొద్దున్నే నీళ్ళు తిరగాలని సుందరరావు గారు ముహూర్తం పెట్టించారు. జాగా మూల ఇప్పచెట్టు కింద మోకాలెత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉంది. చదునుగా, కావాలని చెక్కినట్టు ఉంది. దాని ముందు ఎండిపోయిన ఆకు డొప్ప ఒకటి.

డొప్ప చూశాడండీ ఇజ్రాయెల్. చూడలేదని అనడానికి లేదు. ఆ చుట్టుపక్కల కొండ ఊళ్ళవాళ్ళు పోయినవాళ్ళకి రాయి నిలబెడతారని పుట్టినప్పటి నుంచీ తెలుసు. 'ఎప్పటిదో, ఎవరిదో' అనుకుని గునపం వేశాడు. అది నాలుగో బుర్ర కిందికి వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజున కుంతి వచ్చింది. నడివయసు మనిషి, పక్క ఊరిది. ఇప్పచెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, కంచె దగ్గరున్న ఇజ్రాయెల్‌ని సంతలో నేర్చుకున్న తెలుగులో అడిగింది. "మేస్త్రీ, ఇక్కడ నా కొడుకు రాయుండాల. సుక్రా రాయి. సూసేవేటి?"

ఇజ్రాయెల్ ఆవిడ వైపు చూడకుండా కంచె తీగ బిగించసాగాడు. ఇరవై అడుగుల దూరంలో నాలుగో బుర్ర టక్ టక్ టక్ అని తిరుగుతోంది. "ట్రాక్టరోడు మట్టితోపాటు ఎత్తుకుపోయేడప్పా. ఎక్కడ పోసేడో నాకేటి తెల్సు?" అని అక్క వరస కలిపి అబద్ధమాడాడు.

కుంతి ఏడవలేదు, తిట్టలేదు. నెల తిరక్కుండా సుందరరావు గారి భార్య కస్తూరమ్మని అడిగి ఆ పచ్చికలోనే కలుపు తీసే కూలికి కుదిరింది. ఇక చూసుకోండి, ఇజ్రాయెల్ బతుకు తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది. నవంబరు నుంచి జూన్ దాకా రోజూ పొద్దున్నే అతను మోటారు వేయాలి, ఆవిడ కలుపు తీయాలి. ఇద్దరూ ఒకే పచ్చిక మీద.

ఆ పనిలో అతనికి వంకపెట్టేవాడు లేడు. బోరు నీళ్ళలో సన్నటి ఎర్ర ఒండు వచ్చి బుర్ర కంతల్ని పూడుస్తుంది. తొందరగాళ్ళు తీగ పెట్టి పొడుస్తారు. పొడిస్తే కంత పెద్దదై ధార వంకరపోతుంది. ఇజ్రాయెల్ బుర్ర విప్పి, చింతపండు నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున్న నోటితో ఊది బిగించేవాడు. ఏడు బుర్రలు చెప్పిన మాట వినేవి.

నాలుగోది వినేది కాదు. గుండ్రంగా తిరిగి తిరిగి, ఇప్పచెట్టు వైపు ముఖం పెట్టి ఆగిపోయేది. స్ప్రింగు మార్చాడు, వాషరు మార్చాడు. చివరికి ఆరో బుర్ర తెచ్చి నాలుగో చోట, నాలుగోది తీసుకెళ్ళి ఆరో చోట బిగించాడు. పాత నాలుగోది ఆరో చోట బ్రహ్మాండంగా తిరిగింది. కొత్తగా వచ్చింది మర్నాటికల్లా ఇప్పచెట్టు వైపు చూస్తూ నిలబడిపోయింది. కింద పైపు ఒరిగి ఉంటుందంటారు మీరు. అతనూ అలాగే అనుకుని రెండుసార్లు తవ్వాడు. నిలువు పైపు దారం కట్టినట్టు నిటారుగా ఉంది. దాని కింద సుక్రా రాయి తడిగా నల్లగా మెరుస్తోంది. భయపడిపోయి గబగబా మట్టి కప్పేశాడు.

ఆ టక్ టక్ ఇంటిదాకా వెంట వచ్చేది. అన్నం తింటుంటే వినిపించేది. చర్చిలో పాట మధ్యలో వినిపించేది. ఒకరోజు భార్య రూతమ్మ, "ఏటయ్యా, నిద్దట్లో పళ్ళు కొరుకుతన్నావు, ఏటైంది?" అని నిలదీసింది. అప్పుడు కక్కేశాడు.

రూతమ్మ అతని ముందుకి జరిగి కూర్చుంది. "మనం ఈస్టరుకి మనోల్ల సమాధులకి సున్నమేసి కొవ్వొత్తులెలిగిస్తాం. ఆ సమాధే నేదనుకో, ఎక్కడికెల్తాం? రేపే ఆయమ్మకి సెప్పీయ్."

"రేపు సెప్తాను" అన్నాడు. మర్నాడు కుంతి ఎదురుపడితే నీళ్ళు నమిలాడు. అలా రేపు రేపంటూ నాలుగేళ్ళు గడిచాయి.

రెండువేల ఒకటిలో పచ్చకామెర్లొచ్చి రూతమ్మ పోయింది. మూడోనాడు ఇజ్రాయెల్ సమాధుల తోటలో పచ్చిమట్టి దిబ్బ దగ్గర కూర్చుని ఉంటే కుంతి వచ్చింది. డొప్పలో ఇంత అన్నం, సొరబుర్రలో నీళ్ళు. మట్టి మీద పెట్టి, నీళ్ళు చల్లి, "రాయెప్పుడెడతావు మేస్త్రీ? రాయి నేకపోతే ఆయమ్మ ఎక్కడ కూసుంటాది?" అంది.

ఎంత మంచి మనసుతో అడిగిందో ఆ మాట అంత లోతుగా దిగింది. చెప్పేస్తే బాగుండేది. తల వంచుకుని ఏడుస్తుంటే, పెళ్ళాం కోసం ఏడుస్తున్నాడనుకుని కుంతి అతని వీపు నిమిరింది. అంతకంటే శిక్ష ఉంటుందా?

రెండువేల ఆరు వేసవిలో సుందరరావు గారికి పచ్చిక మీద మోజు తీరింది. వ్యాపారం పెరిగింది, సరుకు పెట్టడానికి చోటు చాలడం లేదు. "పచ్చిక తీసీసి సిమెంటేయిస్తన్నాను, గొడౌను కడతాను. సోమారం మిక్సర్ వొస్తాది. బుర్రలు నువ్వే పట్టుకుపో" అన్నాడు. సిమెంటు పడిందంటే ఇక ఆ రాయిని దేవుడు కూడా పైకి తీయలేడు. ఇజ్రాయెల్‌కి ఆ రాత్రి టక్ టక్ ఆగలేదు.

శనివారం పొద్దున్న మోటారు వేసి, నేరుగా కుంతి ముందుకెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "అప్పా, నీకు అబద్దం సెప్పేను. నీ కొడుకు రాయి ట్రాక్టరోడు పట్టుకెల్నేదు. నానే తీసేను. ఆ నాలుగోదాని కిందుంది."

కుంతి కలుపు తీసే చెయ్యి ఆపలేదు. "తెల్సు" అంది.

"తెల్సా?"

"రెండో ఏడు నువ్వు తవ్వినప్పుడు సూసేను. కంచె అవతల నిలబడ్డాను."

"మరెందుకడగనేదప్పా? పదేల్లు!"

అప్పుడు చెయ్యి ఆపింది. "నా సుక్రాకి ఇరేచనాలు. ఏడేల్లోడు. నీల్లు, నీల్లు అని అడిగేడు. నీల్లిస్తే ఎక్కువైపోతాదని ఊల్లో పెద్దోల్లన్నారు. నానివ్వనేదు. రెండ్రోజులు అడిగేడు మేస్త్రీ. మూడోరోజు అడగనేదు." నాలుగో బుర్ర వైపు చూసింది. "నువ్వు దొంగవే. కానీ ఆడ్ని నీల్ల కింద ఎట్టేవు. రోజూ తాగుతన్నాడు కదేటి అని ఊరుకున్నాను. నేకపోతే నీ పీక కొరికీదాన్ని."

తరవాత చాలా మామూలుగా, సంతలో బేరం అడిగినట్టు అడిగింది. "సోమారం నుంచి ఆడికి నీల్లెవులిస్తారు?"

"నానిస్తానప్పా."

ఆదివారం చర్చి మానేసి రాయి తవ్వి తీశాడు. సైకిల్ క్యారియర్‌కి పాత ట్యూబుతో కట్టి, మూడు మైళ్ళు తోసుకుంటూ వెళ్ళి, కుంతి చేను గట్టు మీద నిలబెట్టాడు. వానాకాలం నాలుగు నెలలూ వానదే పని. మిగతా రోజుల్లో పొద్దున్నే ప్లాస్టిక్ కేను నిండా నీళ్ళతో ఇజ్రాయెల్ సైకిల్ వెళ్ళేది. జ్వరమొచ్చినా వెళ్ళింది. "ముసలోడికి మతి సలించింది" అన్నారు బజార్లో. అననివ్వండి.

రెండేళ్ళకి కుంతి పోయింది. ఆవిడ రాయి ఇజ్రాయెలే గెడ్డలో దిగి ఏరాడు. ఒక పూటంతా వెతికి, తెచ్చి సుక్రా రాయి పక్కన నిలబెట్టాడు. ఆ మరుసటి ఈస్టర్ నాడు తెల్లవారుతుండగానే రూతమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, కేను కట్టుకుని గట్టు మీదికి వెళ్ళాడు. కుంతి రాయి దారికి దగ్గరగా ఉంది. దాని మీద పోయబోయి ఆగాడు. ఆవిడైతే తనకి ముందు పోయనిస్తుందా? రెండడుగులు అవతలికి వేసి సుక్రా రాయి మీద పోశాడు, తరవాత తల్లి మీద. నీళ్ళు పారినంత సేపూ చెవుల్లో చప్పుడు లేదు.

కేను ఖాళీ అయింది. టక్ టక్ టక్ మళ్ళీ మొదలైంది.

"రేపొస్తానప్పా" అని సైకిలెక్కాడు.