రెండో బీప్

తిరువూరులో మా వీధిలో భాయ్ నడిపే లారీ ఆఫీసు లెక్కలన్నీ పాత యూనిక్స్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. దానికి నెట్‌వర్క్ కార్డు పెడతానని నేనే ముందుకొచ్చాను. కార్డు దూర్చినప్పుడల్లా సన్నగా ఒక బీప్ వచ్చేది, గుర్తుపట్టిందని. వెంటనే బొంగురుగా రెండోది, పనిచేయలేదని. పనిచేస్తే ఆ రెండోది కూడా సన్నగానే రావాలి. మామిడి లోడు కోసం కూర్చున్న డ్రైవర్లకు కూడా ఆ తేడా తెలిసిపోయింది. బొంగురు బీప్ వినగానే అందరూ నావైపు చూసేవారు. తలెత్తుకోలేక, ఆ శబ్దమే రాకుండా సెట్టింగు మార్చేశాను.

కాసేపటికి అసలు తప్పు దొరికింది. ల్యాప్‌టాప్ లోపల కార్డుకూ సౌండుకూ ఒకే లైను నంబరు ఇచ్చి ఉంది, అందుకే ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. అది మార్చగానే కార్డు పనిచేసింది, కానీ చప్పుడు లేదు గనక ఎవరికీ తెలియలేదు.

నేనింకా ల్యాప్‌టాప్ ముందే కూర్చుని ఉండటం చూసి, ఆఫీసు వెనక ఇంట్లోంచి భాయ్ భార్య దగ్గరికొచ్చింది.

"పోనీలే బాబూ, రేపు చూద్దువుగాని. అన్నం తిను."

పనిచేస్తోందని చెబితే చప్పుడెందుకు ఆపానో కూడా చెప్పాలి. "అలాగేనండి" అని తలవంచుకుని కూర్చున్నాను.