సున్నాలో తెడ్డు

మా ముత్తాత భద్రాచలం అడవిలో కూపులు పాట పాడి తీసుకున్న మనిషి. కూపు అంటే చెట్లు నరకడానికి సర్కారు వేలం వేసే అడవి ముక్క. ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్ళు పాట ఆపేవారట. మా తాత ఆ దుంగలను తెప్పలు కట్టించి గోదావరి మీద రాజమండ్రి దాకా పంపేవాడు. ఆయన ఒడ్డుకు వచ్చి నిలబడితే తెప్పల మీద కూర్చున్నవాళ్ళు లేచేవారు. నీళ్ళలో కదిలే తెప్ప మీద లేచి నిలబడటం తేలిక పని కాదు, అయినా లేచేవారు. ప్రతి దుంగకు కోసిన ముఖం మీద మా సుత్తితో ముద్ర పడేది. ఒక సున్నా, అందులో నిలువుగా ఒక తెడ్డు, నీళ్ళను తోసే దాని ఆకు కిందికి. ఆ ముద్ర ఉన్న దుంగను రాజమండ్రి కలప అడితీల్లో ఎవరూ లోపల డొల్ల ఉందేమోనని తట్టి చూసేవారు కాదు. తాత తరువాత ఆ ముద్ర మా నాన్నకు వచ్చింది. నాన్న తరువాత నాకు.

నేను ఖమ్మంలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. రెండు గదుల కిరాయి పోర్షనులో ఒక్కదాన్నే ఉంటాను. ఆ మధ్య ఫోనులో వినే ఒక సీరియల్‌కు అలవాటు పడ్డాను. అడవిని కొలవడానికి వెళ్ళిన సర్వేయరు ఒకడు మాయమవుతాడు. అతన్ని వెతకడం వినేవాళ్ళ పని. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక భాగం వస్తుంది, చివర ఒక క్లూ ఇస్తారు. ఆ క్లూ నిజం ఊళ్ళలో, నిజం గోడల మీద దొరుకుతుంది. ఒకసారి మధిర బస్టాండులో ఒక పోస్టరు వెనక దొరికింది, ఇంకోసారి ఒక పుచ్చకాయల బండి మీద. వెతికేవాళ్ళందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో పొద్దున లేచిన దగ్గర నుంచి వాదులాటే. ఆఫీసులో ముప్పై ఏళ్ళు నా ముందు ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆ గ్రూపులో అందరూ నన్ను చూసి నవ్వేవారు, నేనూ వాళ్ళను చూసి నవ్వేదాన్ని. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి పైకి నవ్విన రోజులున్నాయి.

చివరి క్లూ ఒక ఫోటో. నీలం సున్నం వేసిన గోడ, అందులోంచి బయటికి పొడుచుకు వచ్చిన ఒక దూలం కొస, దాని మీద ఒక గుర్తు. అంతే. ఒకరు అది గడియారం అన్నారు, ఒకరు దిక్సూచి అన్నారు. కొత్తగూడెంలో బొగ్గుగని ఫిట్టరు ఒకాయన ఉన్నాడు, గ్రూపులో అందరికంటే నోరు పెద్దది. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"సున్నాల గరిటె. మా అవ్వ దగ్గర గిట్లాంటిదే ఉండె."

దాంతో నలుగురు భద్రాచలం వెళ్ళి ప్రసాదం వండేచోట గోడలన్నీ చూసి, పులిహోర తిని తిరిగివచ్చారు.

నేను ఆ ఫోటోను రెండు రోజులు చూశాను. ఎక్కడో చూసిన గుర్తే అనిపించేది, ఎక్కడో తెలిసేది కాదు. మూడో రోజు చాయ్ పెట్టుకుంటూ ఫోను బల్ల మీద తలకిందులుగా పెట్టాను. పైకి ఉన్న ఆకు కిందికి వచ్చింది.

"అది గరిటె కాదు, తెడ్డు. మా ముద్ర" అని గ్రూపులో రాశాను.

తరువాత నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి.

"మీ ముద్రనా మేడం? మరి అడవి గూడ మీదేనా?" అన్నాడు ఫిట్టరు.

"కొంతకాలం మాదే" అని రాశాను. నిజం చెప్పాను, కానీ నవ్వులు ఇంకా పెరిగాయి. అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. మా ముద్ర గురించి మా ఇంటివాళ్ళు చెప్పిన మాటను రెండోసారి అడిగినవాళ్ళు లేరు. "ఈ ఆదివారం కొత్త భాగం వచ్చేలోపు ఆ దూలం మీకు చూపిస్తాను. చూపించలేకపోతే గ్రూపులోంచి వెళ్ళిపోతాను" అని రాసి ఫోను పక్కన పెట్టాను. పెట్టిన వెంటనే ఆ మాట ఎందుకు రాశానా అనిపించింది. ఆ గ్రూపు లేకపోతే నా ఆదివారాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. కానీ రాసిన మాట రాసిందే.

నా ధైర్యానికి ఒక కారణం ఉంది. అమ్మిన దుంగ దూలమైతే దాని కొస గోడలో పూడిపోతుంది, ముద్ర ఎవరికీ కనపడదు. మా తాత ఉచితంగా ఇచ్చిన కలపకు మాత్రం ఒక షరతు పెట్టేవాడు. కొస కోయకూడదు, గోడ దాటి బయటికి రావాలి, ముద్ర వీధికి కనపడాలి. మా నాయనమ్మ చెప్పినంతలో ఆయన అలా ఇచ్చింది ఒక్కచోటికే, దుమ్ముగూడెం దగ్గర ఒక బడికి. ఫోటోలో ముద్ర తలకిందులుగా ఉండటం గురించి నేను ఎక్కువ ఆలోచించలేదు. తీసినవాళ్ళకు ఫోను పట్టుకోవడం రాలేదనుకున్నాను. మా ముద్రను ఎవరైనా తలకిందులుగా పెడతారన్నది నా ఊహకు అందని సంగతి.

ఖమ్మంలో గాజుల దుకాణం నడిపే ఆమె గ్రూపులోనే పరిచయం. మూడు తరాల దుకాణం వాళ్ళది. నన్ను అక్కా అంటుంది. ఆదివారం దుకాణం తమ్ముడికి అప్పజెప్పి కారు తెచ్చింది. ఏన్కూరు దగ్గర రోడ్డు పక్కన హోటల్ ముందు కారు ఆపి, "చాయ్ తాగుదాం దిగు అక్కా" అంది.

"నేను దిగను. నువ్వు తాగిరా" అన్నాను. రోడ్డు మీద నిలబడి గ్లాసు పట్టుకుని చాయ్ తాగే అలవాటు మా ఇంట్లో ఆడవాళ్ళకూ లేదు, మగవాళ్ళకూ లేదు. కారులోనే నిటారుగా కూర్చుని ఎదురుగా ఉన్న మిర్చి చేను చూశాను. ఆమె తాగి, నాకోసం కాగితంలో రెండు బజ్జీలు కట్టించుకుని వచ్చింది. కారులో తినడం గురించి మా ఇంట్లో ఏ నియమమూ లేదు కాబట్టి తిన్నాను. బాగున్నాయి.

కొత్తగూడెంలో ఫిట్టరు ఎక్కాడు. నైట్ షిఫ్టు చేసి నిద్రపోకుండా వచ్చాడు. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించి వంగాడు.

"దొరసానమ్మకు దండం. మీరు ఓడితే గ్రూపుల లొల్లి ఎట్ల నడుస్తదని ఒక్కతీరుగ ఫికర్ చేస్తున్న."

"నేను ఓడను. సీటు బెల్టు పెట్టుకో" అన్నాను.

భద్రాచలం వంతెన దాటి దుమ్ముగూడెం చేరేదాకా ఆయన నోరు ఆగలేదు. గాజులామె నవ్వి నవ్వి ఒకచోట కారు పక్కకు తీసి ఆపవలసి వచ్చింది.

బడి దగ్గర దిగాను. ఎదురుగా గులాబి రంగు వేసిన స్లాబు బిల్డింగు ఉంది. దూలాలు లేవు, కొసలు లేవు. నేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అలాగే నిలబడిపోయాను. ఫిట్టరు ఏదో అనబోయి నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

బడిలో మధ్యాహ్నం అన్నం వండే పెద్దామె అక్కడే ఆవరణలో మిరపకాయలు ఎండబెడుతోంది. గాజులామె వెళ్ళి పాత బడి ఏమైందని అడిగింది.

"పాత బడా? ఎప్పుడో కూలగొట్టిన్రు. కట్టె అంత వేలం ఏసిన్రు."

"ఎవరు కొన్నరమ్మా?"

"ఏన్కూరు కాడ హోటల్ పెట్టుకుంటున్న అని ఒకాయన లారీ తెచ్చిండు. ఆ లారీ నడిపింది మా మరిదే. ఇప్పుడు గూడ ఆ తొవ్వల పోతే ఆడ ఫ్రీగ చాయ్ తాగి వస్తడు. నీలం గోడల హోటల్ అంటడు."

గాజులామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీలం గోడ! అక్కా, పొద్దున నేను చాయ్ తాగింది ఆడనే!"

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మొదట నవ్వింది ఫిట్టరు. "అంటే దొరసానమ్మ కారు దిగనందుకు మనం గోదారి దాటి వచ్చినమా?"

"నేను దిగలేదు. ఈమె దిగింది, తల ఎత్తలేదు" అన్నాను.

"చాయ్ తాగేటప్పుడు ఎవరన్న దూలాలు చూస్తరా అక్కా?" అంది ఆమె. అప్పుడు నాకు కూడా నవ్వు ఆగలేదు. ఆ పెద్దామె మాకు ఎండ దెబ్బ తగిలిందనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఏన్కూరు చేరేసరికి ఎండ వాలింది. ఈసారి అందరికంటే ముందు నేనే దిగాను. రేకుల పందిరి కింద, వేలాడే అరటి గెలల పైన, నీలం గోడలోంచి మా దూలం బయటికి వచ్చి ఉంది. నూనె పొగకు నల్లబడింది, అయినా ముద్ర లోతు ఏమీ తగ్గలేదు. తెడ్డు ఆకు ఆకాశం వైపు ఉంది.

"ఈ దూలం ఎక్కడిది?" అని హోటలాయనను అడిగాను.

ఆయన జాలిగరిటె నూనెలోనే వదిలేసి కేక పెట్టాడు. "వచ్చిండ్రే! ఎవరో పట్నం పోరలు వచ్చి డబ్బా ఇచ్చి పోయిండ్రమ్మా. దూలం సంగతి అడిగినోళ్ళకే ఇయ్యమన్నరు. నెల దాటింది, ఒక్కడు అడగలే. అందరు బజ్జీలల్ల ఉప్పు తక్కువైందని అడుగుతుండ్రు."

"ముద్ర తలకిందులుగా ఎందుకు పెట్టారు?"

"తలకిందులెక్కడిదమ్మా? గరిటె అట్లనే కదా నిలవడేది! గరిటె గుర్తున్నది, హోటల్‌కు కలిసొస్తదని కావాలనే బయటికి పెట్టించిన."

ఫిట్టరు రోడ్డు మీదే రెండు చేతులూ పైకెత్తి ఎగిరాడు. "నేను జెప్పలే? గరిటె అని జెప్పలే?"

డబ్బాలో ఒక ఫోను నంబరు అంటించి ఉంది. చేస్తే సర్వేయరు గొంతు పలికింది. ఇన్నాళ్ళూ మా అందరి చెవుల్లో మోగిన గొంతే. తనను కనుక్కున్నది ఎవరో చెప్పమంది. నేను ఇంటిపేరుతో సహా చెప్పాను.

"జర మెల్లగ, దొరసానమ్మా! రాజమండ్రి దాకా ఇనబడ్డది" అన్నాడు ఫిట్టరు.

దూలం కింద ముగ్గురం నిలబడి ఫోటో దిగి గ్రూపులో పెట్టాం. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. రోడ్డు మీద నిలబడే తాగాను. చక్కెర ఎక్కువైంది, అయినా ఇంకొకటి అడిగాను. నన్ను వెళ్ళిపొమ్మన్నవాళ్ళు ఎవరూ లేరు. వెళ్తానంటే ఊరుకునేది లేదని చాలామంది రాశారు. సాయంత్రం భాగంలో నా గొంతు వచ్చింది. హోటల్ ముందే కారు తలుపులు తీసిపెట్టి, హోటలాయనతో సహా అందరం విన్నాం. నా ఇంటిపేరు రాగానే హోటలాయన దూలం వంక చూసి, "మరి దీన్ని తిప్పి పెట్టియ్యాల్నా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. వద్దన్నాను. వ్యాపారం బాగుందిగా, అలాగే ఉండనివ్వమన్నాను.

మర్నాడు గ్రూపులో ఫిట్టరే అడిగాడు, ఈసారి నవ్వు బొమ్మ లేకుండా. "మేడం, ఆ ముద్ర ఏసిన సుత్తి మీ దగ్గర ఉంటది కదా, ఒక ఫోటో పెట్టుండ్రి." అందరూ ఎదురుచూస్తున్నామని రాశారు. అక్కడ నా మాటను ఇక ఎవరూ రెండోసారి అడగరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాశాను. సుత్తి లేదు. మా నాన్న దాన్ని విరిగిన నాగళ్ళతో, తలుపు గొళ్ళాలతో కలిపి బోనకల్ స్టేషన్ దగ్గర పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేశారు.