మార్చిలో పండుగేముంది?

ఈ రోజు మా హాస్టల్ బతికిపోయింది. ఇచ్చోడలో మా ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టల్ అది. ఆడిట్ గడువు దాటింది కాబట్టి గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని ఆదిలాబాద్‌లోని జిల్లా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పత్తి వ్యాపారి అయిన మా కోశాధికారి రాజయ్య సేటు, తన దుకాణంలో లాగే ట్రస్టు పద్దులు కూడా దీపావళి లక్ష్మీపూజకు మొదలుపెట్టి మళ్లీ దీపావళికే ముగించారు. సర్కారు ఏడాది మార్చితో ముగుస్తుందని ఎంత చెప్పినా వినలేదు. కార్యదర్శిని కనుక ఆ పద్దులన్నీ నేనే విడదీసి, మార్చికి సరిచేసి, ఆడిటర్ సంతకం పెట్టించాను. పొద్దున సేటును వెంటబెట్టుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను.

అధికారి కాగితాలన్నీ తిప్పి చూశారు. "లెక్క మంచిగనే ఉన్నది. గింత ఆలస్యం ఎందుకైంది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే సేటు నిలదీశారు: "మార్చిల ఏం పండుగ ఉన్నదని లెక్క ముగించాలె సార్?"

ఇక గుర్తింపు పోయినట్టే అనుకున్నాను. అధికారి మాత్రం పకపకా నవ్వారు. "మా బాపు గూడ గిదే అడిగేటోడు" అంటూ ఆలస్యాన్ని మన్నించి సంతకం చేశారు!

బయటికి రాగానే సేటు జిలేబీ కొన్నారు. "ఫికర్ చెయ్యకు సారూ. వచ్చే మార్చి ఆఖరుకు హాస్టల్లనే లక్ష్మీపూజ పెడదం. ఇగ లెక్క ఎట్ల లేటైతదో చూస్త" అన్నారు.

ఇంతకీ, మార్చిలో టపాకాయలు ఎక్కడ దొరుకుతాయో మీలో ఎవరికైనా తెలుసా?