మాస్టారు వెల్లకిలా పెట్టిన ఇనుప టోపీ

మా డ్రాయింగు మాస్టారు పోయారని కబురొచ్చేసరికి నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. సైన్యంలో ఉన్న మా అబ్బాయి సరిహద్దు నుంచి సెలవు మీద ఇంటికొచ్చి అప్పటికి మూడు రోజులే. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. అంత సంతోషంలోనూ అక్కడే కూలబడి ఏడ్చానండి.

ఎనిమిదితో చదువు మానేసిన నాకు బొమ్మ చూడ్డం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక లైబ్రరీ వెనక గదిలో చిన్న మ్యూజియం పెట్టారు. అందులో జనం చూసేదల్లా, ఆయన అన్నగారు పాత యుద్ధం నుంచి తెచ్చిన శత్రుసిపాయి ఇనుప టోపీ. గది ముందున్న నల్లబల్ల మీద రోజూ సుద్దతో ఒక వ్యంగ్య చిత్రం వేసేవారు.

ఈమధ్య యుద్ధం మొదలైనప్పుడు, ఆ టోపీ పెట్టుకుని పారిపోయే ఎలుకను వేశారు. ఊరంతా విరగబడి నవ్వింది. నవ్వినవాళ్లు నేరుగా గదిలోకొచ్చి టోపీకి కర్రతో ఒక్కటిచ్చేవారు. "ఎలుకలే గదా, ఒక్కణ్ణీ వదలకూడదు!" అనేవారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. నడినెత్తిన సొట్ట పడింది.

తర్వాత సరిహద్దులో ఉన్న మావాడి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. తొమ్మిది రోజులైనా కబురు లేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే ఆ గదికి వెళ్లి మళ్లీ కర్ర ఎత్తాను. మాస్టారు చెయ్యి పట్టుకున్నారు.

"ఒరేయ్, అవతలా ఒక నల్లబల్ల ఉంటుంది. దాని మీద ఎలుక ఎవర్రా?"

నేను కర్ర దించేశాను. ఆయన టోపీ తిరగేశారు. లోపల చిరిగిన గుడ్డకి ఎవరో చేత్తో వేసిన సన్నని కుట్లు.

"ఇన్నేళ్లూ బోర్లా పెట్టింది నేనే. తప్పు నాది" అన్నారు.

బయటికెళ్లి ఎలుకను చెరిపేశారు. వెల్లకిలా ఉన్న టోపీ, దారానికి వేలాడే సూది వేశారు. చూడ్డానికొచ్చినవాళ్లెవరూ నవ్వలేదు.

"ఏం మాస్టారూ, శత్రువుతో వియ్యమందారా?" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు బల్ల చెరపబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"మావాడు అక్కడున్నాడ్రా. నవ్వేదేదో నా మొహం చూసి నవ్వండి!"

ఒక్కొక్కరే తలొంచుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత కర్ర పట్టుకుని గదిలోకి వచ్చినవాడు లేడు.

పదకొండో రోజు ఫోను మోగింది. మావాడి గొంతు! పరుగెత్తుకెళ్లి మొదట చెప్పింది మాస్టారికే. సుద్ద చేతులతో నా బుగ్గలు రెండూ పట్టుకుని, "నవ్వరా, ఇప్పుడు నవ్వు" అన్నారు. ఆ తెల్లమరకలతోనే ఊరంతా తిరిగాను.

నిన్న మావాణ్ణి ఆ గదికి తీసుకెళ్లాను. వేలితో ఆ కుట్లను తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. వెల్లకిలా ఉన్న టోపీ, నేను కొట్టిన సొట్ట మీద ఆనుకుని, అటూ ఇటూ దొర్లకుండా నిలిచి ఉంది.