యొర్దాను నీళ్లు

బూర్గంపాడులో ఒక చర్చి కొత్తగా కట్టినప్పుడు, బాప్తిస్మం ఇచ్చే తొట్టి వెనక గోడ మీద యొర్దాను నది బొమ్మ వేయమని అక్కడి పాస్టర్ గారు నన్ను పిలిచారు. పాల్వంచలో నాది బోర్డులు రాసే పని. ఫ్లెక్సీలు వచ్చాక అది తగ్గింది. ఇళ్లకు రంగులు వేస్తూ, ఎవరైనా పిలిస్తే బొమ్మలు వేస్తున్నాను. యొర్దానును నేను చూడలేదు. అడిగితే పాస్టర్ గారూ చూడలేదన్నారు. ఇద్దరికీ అక్కడ సరిపోయింది.

మామూలుగా అయితే రెండు రోజుల పని. పైన లేత నీలం, కింద ముదురు నీలం, మధ్యలో తెల్ల గీతలు. అలాంటి నదులు హోటళ్ల గోడల మీద ఎన్నో వేశాను. ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరూ రెండోసారి చూడనూ లేదు. ఆ నెలలోనే ఫోన్లో ఒకాయన బ్రష్షు ముట్టుకోకుండా, రేకు ముక్కతో రంగు మందంగా పూసి సముద్రం వేయడం చూశాను. ఆయనకు పదకొండు నిమిషాలు పట్టింది. రంగుకు ముందు గోడలకు లప్పం పూసి నున్నగా చేసే రేకు పట్టీ నా దగ్గర ఉంది. రెండూ రేకులే కదా అనుకున్నాను.

మొదటి రోజు సాయంత్రానికి సగం గోడ అయింది. చర్చి ఊడ్చే పెద్దమ్మ చీపురు ఆపి చాలాసేపు చూసింది.

"మంచిగున్నది బిడ్డా. ఏం చేనది?"

"చేను కాదమ్మా, నది."

"అవునా? దున్నినట్టుంటే చేననుకున్న."

రంగు ఆరకముందే గీకేశాను. రెండో రోజు రంగు పలచన చేస్తే గోడంతా కారింది. మూడో రోజు నది వచ్చింది గానీ, ఒక పక్కకు ఒరిగి తొట్టిలోకి జారిపోయేలా ఉంది. దాన్నీ గీకి ఇంటికి పోయాను.

"బ్రష్షులు పోయినయా?" అంది నా భార్య, నీలం రంగు అంటిన పట్టీని చూసి, అన్నం పెడుతూ.

"ఉన్నయి."

"మరి గిదేంది?"

ఇరవై ఏళ్లు అక్షరాలు రాసినవాణ్ణి. అక్షరానికి అంచు ఉంటుంది; అది దాటకపోతే పని వచ్చినట్టే. నీటికి అంచు ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఇన్నాళ్లూ నేను వేసిన నదులన్నీ నీలం రంగుతో రాసిన బోర్డులే అనిపించింది. అసలు బొమ్మలు వేయడం నాకు వచ్చా అని కూడా అనిపించింది. అన్నం మాత్రం తిన్నాను.

మరునాడు చర్చికి పోకుండా గోదారి ఒడ్డున మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నీలం ఎక్కడా లేదు. అంతా మట్టిరంగు, గాలి తగిలిన చోట వెలుగు పలకలు పలకలుగా కదులుతోంది. నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. పట్టీని గోడకు అదిమి లాగాను, లప్పం అలవాటు. తాకీ తాకనట్టు లాగి, కింది రంగును అక్కడక్కడా కనిపించనివ్వాలి.

అలాగే చేశాను. ఇంకో ఐదు రోజులు పట్టింది. పాస్టర్ గారు రోజూ వచ్చి చూసి, "ప్రార్థన చేస్తున్నం బ్రదర్" అని వెళ్లేవారు. బొమ్మ కోసమా, నా కోసమా అని నేను అడగలేదు. చివరి రోజు దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూశారు.

"నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి. కానీ గిది యొర్దాను అని జనానికి ఎట్ల తెలుస్తది? మన గోదారే అనుకుంటరు. ఒడ్డుకు ఒక ఖర్జూరం చెట్టు పెట్టరాదు?"

బ్రష్షు తీసి అరగంటలో పెట్టాను.

ఆదివారం బాప్తిస్మాలకు నన్నూ రమ్మన్నారు. వెనక బెంచీలో కూర్చున్నాను. కూటం అయ్యాక చాలామంది వచ్చి చెయ్యి కలిపారు. "చెట్టు అచ్చం చెట్టు లెక్కనే ఉందన్నా" అన్నారు. నీళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. కొంచెం బాధ వేసింది. చెట్టు బాగానే ఉంది మరి.

వారం తిరక్కుండా కారేపల్లి నుంచి ఇంకో పాస్టర్ గారు ఫోన్ చేశారు.

"మా దగ్గర గూడ అసొంటి చెట్టే కావాలె."

"నీళ్లు ఎట్ల వెయ్యమంటరు?"

"నీళ్లదేముంది, నీ ఇష్టం."

నీ ఇష్టమని నాకెవరూ అంతవరకు పని చెప్పలేదు. వాళ్ల గోడ ఇంకా ఆరాలి. ఈలోగా పెరట్లో పాత ప్లైవుడ్ ముక్కల మీద నీళ్లు వేస్తున్నాను. ఇప్పటికి రెండు చెడగొట్టాను.