ఏడో నంబరు మిషను

బొమ్మసంద్రలోని ఆ కార్ఖానాలో భారతికి పన్నెండేళ్ళ సర్వీసు. మడకశిర పక్క పల్లె నుంచి పెళ్ళయిన ఏడాదికి వచ్చి చేరింది. బండ్లకు వేసే ఇనుప బ్రాకెట్లను అచ్చు కొట్టే ప్రెస్సులు అక్కడ పద్నాలుగు ఉన్నాయి. రేకు లోపల పెట్టి, రెండు బటన్లూ రెండు చేతులతో ఒకేసారి నొక్కితే పై దిమ్మ దబ్బున దిగి, రేకును వంచి లేస్తుంది. చేతులు బటన్ల మీద ఉంటాయి కాబట్టి దిమ్మ కింద వేలు పడే వీలు లేదు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు ఈ పని నేర్పేది భారతే. ఆమె నేర్పినవాళ్ళలో ఒక్కరికీ ఇంతవరకు గోరు కూడా చిట్లలేదు.

మూడేళ్ళ కిందట అశోక్‌కుమార్ సూపర్‌వైజరుగా వచ్చాక వరస మారింది. ఎవరికి ఏ మిషనో పొద్దున్నే బోర్డు మీద రాసేది ఆయనే. కిటికీ పక్కనున్న కొత్తవి ఆయన ఊరివాళ్ళకు, ఆయన మాటకు నవ్వేవాళ్ళకు. గోడ వైపు పాతవి మిగిలినవాళ్ళకు. లైన్ లీడరు పోస్టు ఖాళీ అయినప్పుడు అందరూ భారతికే అనుకున్నారు. ఆయన ఆశకు ఇచ్చాడు. ఆశ ఆయన భార్యకు పిన్నమ్మ కూతురు. రేకు ఎట్లా పట్టుకోవాలో రెండేళ్ళ కిందట భారతి దగ్గరే నేర్చుకుంది.

మీటింగులో భారతి లేచి నిలబడింది. "సార్, ఏం చూసి ఇచ్చినారో చెప్పండి. నాలో తప్పుంటే దిద్దుకుంటా."

అశోక్‌కుమార్ కోప్పడలేదు. "నీకూ మంచి పనే ఇస్తామమ్మా" అని నవ్వాడు. ఆశ తల వంచుకుని కాగితాలు సర్దుకుంది.

మర్నాడు బోర్డు మీద భారతి పేరు ఎదురుగా ఏడు అని ఉంది.

ఏడో నంబరు గోడ మూలలో ఉంటుంది. దాని ఎడమ బటనును లోపలికి నొక్కి, కదలకుండా నల్ల టేపు చుట్టి ఉంచారు. అట్లా చేస్తే ఒక చేత్తో కుడి బటను నొక్కుతూ, రెండో చేత్తో రేకులు మారుస్తూ పోవచ్చు. పని తొందరగా సాగుతుంది. టార్గెట్ కూడా ఆ వేగానికే పెట్టారు.

మిషన్లు రిపేరు చేసే మునినారాయణప్ప దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "టేపు ఒకటే కాదమ్మా. లోపల క్లచ్చి అరిగిపోయుండాది. నువ్వు ఒకసారి నొక్కితే దిమ్మ ఒక్కోసారి రెండుసార్లు దిగుతా ఉండాది. మూడుతూర్లు రాసిచ్చినా. పార్టు వస్తాది అంటా ఉండారు."

భారతి టేపు పీకేసి పనిలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. భోజనం గంటకు ముందు, దిమ్మ దిగి లేచింది, ఆమె చేతులు బటన్ల మీద నుంచి తీసింది, అంతలో అది తనంతట తనే మళ్ళీ దిగింది. చుట్టూ ఉన్న హోరులో ఆ చప్పుడు ఎవరికీ పట్టలేదు. ఆ సాయంత్రం ఇంట్లో కూతురికి జడ వేస్తూ వేస్తూ భారతి ఆగిపోయింది. "ఏమ్మా?" అని కూతురు అడిగితే ఏం లేదంది.

ఇక ప్రతి రేకుకూ దిమ్మ పూర్తిగా నిలిచేదాకా ఆగి, పట్టకారుతో తీసేది. సగం ముక్కలే అయ్యేవి. షిఫ్టు చివర అశోక్‌కుమార్ అందరి ముందూ ఆమె పేరు చదివి, "పన్నెండేళ్ళ అనుభవం చూడండి" అనేవాడు. పొద్దున వచ్చేసరికి టేపు మళ్ళీ చుట్టి ఉండేది.

"ఎవరు చుడతా ఉండారు ఆశా?" అని భారతి మూడో రోజు అడిగింది.

"నన్ను అడగొద్దక్కా" అని ఆశ వెళ్ళిపోయింది.

నాలుగో రోజు భారతిని ప్యాకింగుకు మార్చారు. ఏడో నంబరు ఎదుట ఫాతిమా పేరుంది. చేరి ఎనిమిది రోజులైంది ఫాతిమాకు. తనకు పని నేర్పిన భారతికి మొహం చాటేసి, టేపు ఉన్న మిషను ముందు కూర్చుని, చెప్పినంత వేగంగా చేస్తోంది. అట్టపెట్టెలు మడుస్తున్న భారతి చెవులు రెండూ ఆ మూలకే ఉన్నాయి. పదింటికి విన్నది. దబ్బు, ఆ వెనకే ఇంకో దబ్బు. ఫాతిమా చెయ్యి అప్పటికింకా లోపలికి పోలేదు. ఏమయిందో కూడా ఆమెకు తెలియలేదు.

భారతి పెట్టె కింద పడేసి నడిచి వెళ్ళి ఎర్ర బటను గుద్దింది. ఆ వరస మొత్తం ఆగిపోయింది.

అశోక్‌కుమార్ తన అద్దాల గదిలోంచి వచ్చాడు. "లైన్ ఆపమని నీకెవరు చెప్పినారు?"

"మిషను రెండుసార్లు దిగుతా ఉండాది సార్. దీనిమీద మనిషిని కూర్చోబెట్టొద్దండి."

"సుమ్నే, ఊరికే నాటకాలు వద్దమ్మా" అంటూ ఫాతిమాను లేపి ఆయనే కూర్చున్నాడు. వరసను మళ్ళీ ఆన్ చేయించాడు. టేపు అట్లాగే ఉంది. ఐదు ముక్కలు కొట్టాడు, ఐదూ చక్కగా వచ్చాయి. ఆరోది కొట్టి, "చూసినారా అందరూ" అని వెనక్కి తిరుగుతూ రేకు కోసం చెయ్యి చాచాడు.

దిమ్మ మళ్ళీ దిగింది. ఆయన వేళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కాకు తుడుచుకుని, ఒక్కరి మొహం కూడా చూడకుండా గదిలోకి వెళ్ళిపోయాడు.

మిషను మీద టార్పాలిన్ కప్పారు. సాయంత్రం భారతికి మెమో వచ్చింది, అనుమతి లేకుండా లైన్ ఆపినందుకు. వారంలో మునినారాయణప్పను ఇంకో యూనిట్‌కు పంపేశారు. పదిరోజులకు టార్పాలిన్ తీసి, బాగు చేశామన్నారు. ఏ పార్టు మార్చారో చూసినవాళ్ళు లేరు. కాకపోతే, గోడ వైపు ఆడవాళ్ళు భారతి చెప్పినట్టు, రోజూ మిషనును పదిసార్లు ఖాళీగా నడిపి చూశాకే రేకు ముట్టుకునేవారు. ఆ కాసేపూ అశోక్‌కుమార్ అద్దంలోంచి చూస్తుండేవాడు గానీ వద్దనలేకపోయాడు.

ఒక సాయంత్రం బస్టాపులో ఆశ వచ్చి పక్కన నిలబడింది.

"అక్కా, కిటికీ పక్క మిషన్లకూ టార్గెట్ పెంచినాడు. రేపటికల్లా వాటికీ టేపు వేయించమన్నాడు."

"మీ బావే కదా, కాదనలేవా?"

"కాదన్నా. అయితే నువ్వే కూర్చో ఏడో నంబరు మీద అన్నాడు."

భారతి ఆమె చేతుల వైపు చూసింది. "వేసినావా?"

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆశ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.