ఆయన చెవి, నా గొంతు

మా వీధిలో నాకు గయ్యాళి అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, ఇరవై ఏళ్లు అరిచి సంపాదించుకున్నాను. మా ఆయన గజపతినగరంలో ఓ రైసు మిల్లులో మిషను దగ్గర పనిచేసి మానేశారు. వయసుతోపాటు వినికిడీ తగ్గుతూ వచ్చింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగాలన్నా ఎదురుగా వెళ్లి నిలబడి, వీధి చివరిదాకా వినిపించేలా అడగాలి. దారిన పోయేవాళ్లు పాపం అన్నట్టు ఆయన వైపే చూసేవారు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు, "గట్టిగా సెప్పవే, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేటి?" అని నన్ను దెప్పేవారు. ఈ సంగతి ఇప్పుడెవరికి చెప్పినా నమ్మరు.

ఆయనకి మాత్రం తనలో లోటేమీ కనిపించలేదు. మిల్లు హోరులో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు మరి. "నాకు బాగానే ఇనిపిస్తాది. నువ్వే నోట్లో గొణుక్కుంతావు" అనేవారు. నేను గొణుక్కుంటానట!

మిల్లులో ఆయనతో కలిసి పనిచేసిన ముగ్గురూ ఆయనా ఒక జట్టు. ఆ జట్టుకి ఒక అలవాటుంది. నలుగురూ ఏది కొన్నా ఒకటే రకం. ఒకాయన సైకిలు కొంటే నలుగురికీ అదే సైకిలు. ఒకరింటికి మిక్సీ వస్తే నాలుగిళ్లకీ అదే మిక్సీ, రంగుతో సహా. ఆమధ్య వాళ్లలో ఒకాయన ఫోన్లో ఆర్డరు పెట్టి చెవి మిషను తెప్పించుకున్నారు. డాక్టరు లేడు, పరీక్ష లేదు. ఆయనకి అది బాగానే పనిచేసింది. ఇంకేముంది, వారం తిరక్కుండా మా ఇంటికీ అదే పెట్టె వచ్చింది.

పెట్టుకున్న మొదటి పూటే కుక్కరు కూసింది. చెవి పట్టుకుని కంచం ముందు నుంచి లేచిపోయారు. గిన్నెల చప్పుడూ, బళ్ల మోతా అన్నీ మీద పడ్డాయి గానీ నా మాట మాత్రం అందలేదు. "నువ్వు అరుస్తన్నావని తెలస్తంది, ఏటంతన్నావో తెలీట్లేదు" అన్నారు. మూడో రోజుకి దాన్ని బీరువాలో పెట్టేశారు. "ఆడికి పన్జేసింది, నాకు పన్జెయ్యలేదంటే నా సెవులు ఇంక ఇంతే" అన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఒప్పుకోలేదు. నేను మళ్లీ అరవడం మొదలుపెట్టాను.

చివరికి పోయింది నా గొంతు. బొంగురుపోయి నెలైనా తగ్గకపోతే విజయనగరంలో గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. లోపల చిన్న కాయలు కట్టాయన్నారావిడ. "రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకండి. తర్వాత కూడా ఇలాగే అరిస్తే ఉన్న గొంతు పోతుంది. అసలు ఎవరి మీద అరుస్తున్నారు?" అని అడిగారు. నేను పక్క కుర్చీ వైపు వేలు చూపించాను. అందులో మా ఆయన ఏమీ అందక నవ్వుతూ కూర్చున్నారు.

నా చీటీ పక్కన పెట్టి ఆవిడ ఆయన్ని చెవి పరీక్షకి పంపారు. పరీక్ష చేసిన అమ్మాయి గీతలున్న కాగితం ముందు పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ విడమరిచి చెప్పింది. లావు శబ్దాలు ఆయనకి ఇంకా వినిపిస్తాయట. మాటల్లో ఉండే సన్నని శబ్దాలు చాలావరకు పోయాయట. "కొద్దిగా తగ్గినవాళ్లకి ఆ కొన్న మిషను సరిపోవచ్చు. మీకు బాగా తగ్గింది. పోయినవాటినే పెంచేలా మీ చెవికి తగ్గట్టు సరిచేసి ఇవ్వాలి" అంది.

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయితే నువ్వు గొణగలేదన్నమాట" అన్నారు నాతో. నాకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మాట్లాడకూడదు కాబట్టి బతికిపోయారు.

కొత్త మిషను చేతికొచ్చేసరికి నా మౌనానికి నాలుగో రోజు. ఆయనకి చెవులొచ్చాయి, నాకు నోరు లేదు. రోజూ పొద్దున్నే "ఈరోజు మాట్లాడతావేటి?" అని అడిగేవారు, నేను చెయ్యి అడ్డంగా ఊపేదాన్ని. మిల్లు సైగలు నాకూ నేర్పారు. ఒకసారి మళ్లీ విజయనగరం వెళ్లి, కుక్కరు కూత ఎక్కువగా ఉందని చెప్పి తగ్గించుకుని వచ్చారు. మిల్లు జట్టు తామూ ఇదే కొంటామని వస్తే, "ముందల మీ సెవులు సూపించుకోండ్రా" అని పంపేశారు.

పదిహేనో రోజు వచ్చింది. నాకు భయమేసింది. అరవడం తప్ప మాట్లాడటం మర్చిపోయానేమో, ఆ పాత గొంతు అసలు మిగిలి ఉందో లేదో. ఇరవై ఏళ్లుగా చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ నోటికి రాలేదు. మధ్యాహ్నం ఆయన వీధి అరుగు మీద ఉన్నారు, నేను వంటింట్లో పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. అలాగే, వెనక్కి చూడకుండా, మెల్లగా అన్నాను.

"అన్నం పెట్టీమంటారా?"

"పెట్టీ. వస్తన్నాను" అని అరుగు మీంచి జవాబొచ్చింది.

గరిట చేత్తో పట్టుకునే ఏడ్చాను, చప్పుడు కాకుండా. అదీ వినిపించినట్టుంది, చెప్పులు కూడా విడవకుండా లోపలికొచ్చేశారు.